బేబీ ఆయిల్ పొగ

ఆ శనివారం పొద్దున మర్డో కెర్స్‌లేక్ వేసుకున్న పథకం చాలా చిన్నది. టీ తాగడం, కారులో గాలి ఎక్కడ కారిపోతోందో కనిపెట్టడం, ఆ చిల్లు మూసేయడం, భోజనాల వేళకి ఇంటికొచ్చి చేతులు కడుక్కోవడం. "ఇంతే!" అన్నాడు భార్యతో. ఆయన "ఇంతే" అన్నప్పుడల్లా ఇంట్లో ఏదో ఒకటి విరుగుతుందని మేరేయానాకు పాతికేళ్ళ అనుభవం. అందుకని టీ కప్పు దూరంగా జరుపుకుంది.

కారు పేరు డచెస్. జపాన్ నుంచి సెకండ్‌హ్యాండ్‌లో ఓడెక్కి దిగిన నీలం రంగు స్టేషన్ వ్యాగన్. దానికి టర్బో ఉంది, అంటే ఇంజన్ వదిలే పొగతోనే తిరుగుతూ ఇంజన్‌లోకి గాలిని బలవంతంగా కుక్కే చిన్న మర. కంపెనీ పెట్టిన టర్బో మర్డోకి ఆనలేదు. పెద్దది పెట్టాడు. దానికి తగ్గట్టు పైపులు, పైపులకి తగ్గట్టు కంప్యూటర్ లెక్కలు, అన్నిటికీ తగ్గట్టు చప్పుడు. పాలపొడి ఫ్యాక్టరీలో వచ్చే జీతం ఆ బానెట్ కింద ఎంత మాయమైందో మా టోకవేరా ఊళ్ళో అందరికీ తెలుసు. మేరేయానాకి తప్ప, అని మర్డో నమ్మకం.

అలాంటి డచెస్ రెండు వారాలుగా మొండికేసింది. గాలి ఒత్తిడి చూపించే ముల్లు సగం దాకా లేచి అక్కడే చతికిలబడుతోంది. ఎక్కడినుంచో "స్స్..." మని శబ్దం. వెనక నల్లటి పొగ. మర్డో పైపులు మార్చాడు, క్లిప్పులు మార్చాడు, ల్యాప్‌టాప్ ఒళ్ళో పెట్టుకుని లెక్కలన్నీ తిరగరాశాడు. ముల్లు మాత్రం సగం దాటలేదు.

మామూలుగా అయితే ఇదంత కొంపలు మునిగే విషయం కాదు. కానీ మర్నాడే కొండ పందెం. ఏటా ఒకరోజు ఊరి పక్కనున్న కొండ రోడ్డు మూసేసి, కింది గీత నుంచి పైగీత దాకా ఒక్కొక్క బండినీ గడియారం పెట్టి వదులుతారు. మొదట వచ్చినవాడికి ఏమిస్తారో ఎవరికీ గుర్తుండదు. ఆఖరున వచ్చినవాడికి మాత్రం క్లబ్బు వారి మరుగుదొడ్డి ట్రైలర్ అప్పగిస్తారు. ఏడాది పొడవునా ఏ పందెం జరిగినా, ఏ సంత జరిగినా, అతగాడే దాన్ని తన కారుకి తగిలించుకుని లాక్కురావాలి, కడిగి పెట్టాలి. వరసగా మూడేళ్ళు ఒకే ఇంటికి చేరితే ఆ ఇంటిపేరు దాని తలుపు మీద పెయింటుతో రాసేస్తారు. ఇక అది చెరగదు.

మర్డో ఇప్పటికి రెండేళ్ళు లాగాడు.

మొదటి ఏడు నిజానికి అలిస్టర్ డూతీ లాగాలి. టైరు పంక్చరై నత్తలా పైకెక్కిన అలిస్టర్, "పంక్చరైతే లెక్కలోకి రాదు" అని తప్పించుకున్నాడు. ట్రైలర్ అతనికి ఒక్క మెట్టు పైనున్న మర్డో మెడకి చుట్టుకుంది. మర్డో ఊరుకునే రకమా? క్లబ్ మీటింగులో బల్ల గుద్ది మరీ కొత్త నియమం పెట్టించాడు: కింది గీత దాటి పైగీత చేరిన ప్రతి బండీ లెక్కే, కారణాలు అడగబడవు. మరుసటి ఏడాది డచెస్ గేరు జారింది. కారణం ఎవరూ అడగలేదు.

"ఈసారి ఆ పేరు తలుపెక్కిందంటే నీ పక్క కూడా ఆ ట్రైలర్లోనే వేస్తాను. నా పేరు కూడా కెర్స్‌లేకే, గుర్తుంచుకో" అంది మేరేయానా బూట్లు తొడుక్కుంటూ. ఆమె ఊరి వాలంటీర్ ఫైర్ బ్రిగేడ్‌కి చీఫ్. శనివారం పొద్దుటి పూట స్టేషన్‌కి వెళ్ళి ట్రక్కు కడిగించడం ఆమెకి అలవాటు. "ఇంకో మాట. గాలి లీకు వెతకడానికి ఇంట్లో పొగ పెట్టావో, చెప్తున్నా. ఫైర్ చీఫ్ ఇంట్లోంచి పొగొస్తే ఊళ్ళో నా పరువేం కాను?"

"ఛ! సబ్బునీళ్ళతో చూస్తాలే" అన్నాడు మర్డో.

నిజంగానే సబ్బునీళ్ళతో మొదలుపెట్టాడు. పైపుల్లోకి కంప్రెసర్‌తో గాలి ఎక్కించి, పైన సబ్బునీళ్ళు చల్లితే చిల్లున్న చోట బుడగలు రావాలి. అయితే పట్టుదల గల మనిషి కదా, గిన్నెలు తోమే సబ్బు సీసా మొత్తం బకెట్లో ఒంపేశాడు. బుడగలు చిల్లులోంచీ వచ్చాయి, చిల్లు లేని చోటనుంచీ వచ్చాయి, బకెట్లోంచీ వచ్చాయి. కాసేపటికి డచెస్ కనపడడమే మానేసింది.

ఇక పొగే దిక్కు. పొగయంత్రం అటకమీద సిద్ధంగానే ఉంది: పాత పెయింటు డబ్బా, దాంట్లో ట్రాక్టర్ నుంచి పీకిన వేడెక్కే ప్లగ్గు, డబ్బానుంచి కారు పైపుకి సైకిల్ ట్యూబు ముక్క. డబ్బాలో బేబీ ఆయిల్ పోసి బ్యాటరీ తగిలిస్తే తెల్లటి చిక్కని పొగ పుట్టి పైపుల్లోకి పోతుంది, చిల్లులోంచి బయటికొస్తుంది. లేనిదల్లా బేబీ ఆయిలే.

కిరాణా కొట్లో రెండు పెద్ద సీసాలు తీసుకుని తిరిగేసరికి వెనకే ఐసోబెల్ మెకిల్‌రేత్ నిలబడి ఉంది. పక్కింటి పెద్దావిడ. చేతికర్ర మీద వాలి సీసాల వంక చూసింది, మర్డో మొహం చూసింది, మళ్ళీ సీసాలు చూసింది.

"మేరేయానా ఎలా ఉంది నాయనా?" అంది గొంతు తగ్గించి.

"దివ్యంగా ఉంది. కానీ మెకిల్‌రేత్ గారూ, మీకు దండం పెడతాను, ఈ సంగతి తనకి మాత్రం చెప్పకండి."

"తనకి చెప్పకపోవడం ఏమిటయ్యా! తనకి తెలీకుండా ఎలా ఉంటుంది?"

"తెలిస్తే కంగారుపడుతుంది. రేపు సాయంత్రానికి ఎలాగూ అంతా తేలిపోతుంది. అప్పుడు నేనే చెప్తాను."

"రేపేనా! ఓరి దేవుడా, బయటికి ఏమాత్రం కనపడనే లేదే!"

"లోపల్లోపల ఉంది కదండీ, బయటికెలా కనపడుతుంది? అదే నా బాధ" అని నిట్టూర్చి, డబ్బులిచ్చి వెళ్ళిపోయాడు మర్డో. ఈ వయసులో బిడ్డ, అందులోనూ రేపే, పైగా తల్లికే తెలీదు! ఐసోబెల్ కొనడానికొచ్చిన చీజ్ సంగతి మర్చిపోయి, తెల్ల ఊలు రెండు ఉండలు కొనుక్కుని ఇంటికి పోయింది. వరండాలో కుర్చీ వేసుకుని, ఏ క్షణాన ఏ కేక వినపడుతుందోనని కెర్స్‌లేక్ ఇంటివైపే చూస్తూ మేజోళ్ళు అల్లడం మొదలుపెట్టింది.

ఇక్కడ ఇంటి పక్కన, డచెస్ ఉండే షెడ్డులో పొగ బాగానే పుట్టింది. కానీ పైపులోకి పోయేదానికన్నా డబ్బా మూత సందులోంచి బయటికొచ్చేది ఎక్కువగా ఉంది. గాలికి పొగ చెదిరిపోతోందని మర్డో తలుపు మూశాడు. సరిపోలేదని రెండో సీసా కూడా పోశాడు. కళ్ళు మండుతున్నా, ముక్కు కారుతున్నా, టార్చి నోట్లో కరచుకుని బానెట్ కింద తల దూర్చాడు. "ఎక్కడున్నావో చెప్పవే తల్లీ, ఒక్కసారి చెప్పు" అని డచెస్‌ని బతిమాలాడు. షెడ్డు నిండి, పైకప్పు రేకుల సందుల్లోంచి పొగ తెరలు తెరలుగా పైకి లేచిన సంగతి లోపలున్న మనిషికి ఎలా తెలుస్తుంది?

బయటున్న ఐసోబెల్‌కి తెలిసింది. ఊలు పక్కన పడేసి ఫోన్ అందుకుంది.

నిమిషం తిరక్కుండా ఊరి మధ్యన సైరన్ కూసింది.

మర్డో పదిహేనేళ్ళుగా బ్రిగేడ్‌లో ఉన్నాడు. సైరన్ వింటే ఆయన బుర్రకన్నా ముందు కాళ్ళు కదులుతాయి. పాపం, ఎవరి కొంప అంటుకుందో అనుకుంటూ, కంప్రెసర్ ఆపకుండా, డబ్బాకి తగిలించిన బ్యాటరీ తీయకుండా, పక్క తలుపులోంచి దూకి స్టేషన్ వైపు పరుగందుకున్నాడు. ఒక్కసారి వెనక్కి తిరిగి చూసుంటే ఈ కథ ఇక్కడితో అయిపోను.

"నాయనా! మర్డో! ఎక్కడికయ్యా?" కంచె దగ్గరనుంచి అరిచింది ఐసోబెల్.

"మీరేం భయపడకండి! మేం చూసుకుంటాం! లోపలికెళ్ళి తలుపేసుకోండి!" అని అరుస్తూనే ఆయన సందు మలుపు తిరిగిపోయాడు. తగలబడుతున్న ఇంట్లో నిండు చూలాలిని వదిలేసి మొగుడు పారిపోవడం ఐసోబెల్ తన ఎనభై ఏళ్ళ జీవితంలో ఎన్నడూ చూడలేదు. మళ్ళీ ఫోన్ తీసింది.

స్టేషన్లో మేరేయానా చిరునామా కాగితం చేతిలో పట్టుకుని నిలబడి ఉంది. రొప్పుతూ వచ్చిన మొగుణ్ణి చూసి, ఒళ్ళంతా అంటిన జిడ్డు చూసి, "ఎక్కు" అంది. అంతే. అలిస్టర్ డూతీ అప్పటికే డ్రైవర్ సీట్లో ఉన్నాడు. కార్లలో ఎంత పోటీ ఉన్నా ట్రక్కు నడపడం అతని వంతే. వెనక సీట్లలో మిగతా వాళ్ళతో పాటు మర్డో ఇరుక్కుని కూర్చుని బూట్లు బిగించుకున్నాడు.

"ఎక్కడికి చీఫ్?" అన్నాడు అలిస్టర్.

"తుయి వీధి. పసుపు గేటు."

అలిస్టర్ అద్దంలోంచి మర్డోని చూశాడు. మర్డో బూటు బిగించడం ఆపేశాడు. "తుయి వీధిలో పసుపు గేటున్నది మన..."

రేడియో గరగరలాడింది. "టోకవేరా, కొత్త సమాచారం. షెడ్డులోంచి ఇంట్లోకి పొగ పాకుతోంది. నెలలు నిండిన గర్భిణి లోపల చిక్కుకుపోయింది. భర్త పారిపోయాడట. అంబులెన్స్ వస్తోంది."

మేరేయానా మెల్లగా వెనక్కి తిరిగింది.

"మర్డో. మనింట్లో గర్భిణి ఎవరు?"

"ఎవరూ లేరు! అమ్మతోడు!"

"భర్త పారిపోయాడంటున్నారు."

"పారిపోలేదు! ఇక్కడే ఉన్నాను కదా! మేరే... చీఫ్, అది మంట కాదు. ఉత్త పొగ. గాలి లీకు కోసం..."

"పొగ పెట్టద్దన్నానా?"

"అన్నావు."

"మంట లేదని నా కళ్ళతో చూసేదాకా నా లెక్కలో అది మంటే. ఈ ట్రక్కుతో జరిగే ప్రతిదానికీ బాధ్యత నాది. గొట్టం తియ్యండి." గొట్టం అనగానే మర్డోకి పైప్రాణాలు పైనే పోయాయి. ఇల్లు కాలినా కట్టుకోవచ్చు. బానెట్ ఎత్తి ఉన్న డచెస్ మీద నీళ్ళు కొడితే రేపటి పందెం మాటేమిటి? తలుపు మీద పెయింటు మాటేమిటి?

ట్రక్కు ఆగేసరికి ఐసోబెల్ తోట గొట్టం పట్టుకుని షెడ్డు గోడ తడుపుతోంది. హెల్మెట్ పెట్టుకుని ట్రక్కులోంచి కిందికి దూకిన మేరేయానాని చూసి ఆవిడ చేతిలో గొట్టం జారిపోయింది.

"అమ్మాయ్! ఇలాంటి సమయంలో ట్రక్కులెక్కి దూకుతావుటే! కూర్చో, ముందు కూర్చో!" అని, వెనకే దిగిన మర్డోని చూసి కర్ర ఎత్తింది. "ఇదిగో, ఈ ఘనుడే పారిపోయింది!"

"మెకిల్‌రేత్ గారూ, నాకు కడుపూ లేదు, ఏమీ లేదు" అంది మేరేయానా.

"మరి ఆ బేబీ ఆయిల్ ఎవరికి? రెండు సీసాలు!"

"కారుకండీ" అన్నాడు మర్డో నేల చూస్తూ.

పెళ్ళాన్ని వదిలి పారిపోయాడనుకున్నప్పుడే ఐసోబెల్ చూపు ఇంతకన్నా మెత్తగా ఉంది.

మేరేయానా తలుపు తాకి చూసింది, లోపలికి వంగి చూసింది, వేడి కనిపెట్టే కెమెరా నాలుగు వైపులా తిప్పింది. మంట లేదు. పెయింటు డబ్బా ఒక్కటే ఎర్రగా మెరుస్తోంది. బ్యాటరీ వైరు పీకి అవతల పారేసి, "గొట్టం వద్దు. ఫ్యాను పెట్టండి" అంది. ఆ క్షణంలో ఆవిడంటే మర్డోకి పెళ్ళినాటికన్నా ఎక్కువ ప్రేమ కలిగింది. చెప్పడానికి నోరు తెరిచాడు కానీ, "మూస్కో" అంది ఆవిడ.

పెద్ద ఫ్యాను వేసేసరికి షెడ్డులోని పొగంతా వెనక కిటికీలోంచి బయటికి తోసుకుపోయింది. అప్పుడు జరిగింది అసలు విచిత్రం. కంప్రెసర్ ఇంకా నడుస్తూనే ఉంది. శుభ్రమైన గాలిలో, డచెస్ ఇంజన్ అడుగునుంచి ఒకే ఒక్క సన్నటి తెల్లటి పోగు పైకి లేచింది. బ్రిగేడ్ మొత్తం హెల్మెట్లు తీసేసి బానెట్ చుట్టూ మూగింది. "అందరూ ట్రక్కెక్కండి" అని చీఫ్ రెండుసార్లు చెప్పింది. ఒక్కడూ కదల్లేదు.

"ఒరేయ్ మర్డో, ఇటు రా" అన్నాడు అలిస్టర్ టార్చి కిందికి పట్టి. "చూడనట్టు ఊరుకుందామనే అనుకున్నాన్రా. కానీ వీళ్ళంతా చూసేశారు."

గాలి చల్లబరిచే పెట్టెకి అడుగున, వాడకుండా వదిలేసిన గొట్టం నోరు ఒకటుంది. దాన్ని నిరుడు మర్డో ఒక నల్లటి రబ్బరు బొడిపెతో మూసి క్లిప్పు బిగించాడు. పైనుంచి చూస్తే నిక్షేపంలా ఉంది. అడుగున మాత్రం ఈ చివరనుంచి ఆ చివరకి చీలిపోయింది. వందల డాలర్ల పైపులు మార్చాడు, కంప్యూటర్ లెక్కలు మార్చాడు. తన చేత్తో పెట్టిన బొడిపెని మాత్రం అనుమానించనే లేదు.

ఐసోబెల్ గుంపుని తోసుకొచ్చి వంగి చూసింది. "ఇది మా ఆయన చేతికర్ర అడుగున ఉండే బొడిపె! చర్చిలో పాత సామాన్ల అమ్మకానికిచ్చాను!"

"సరిగ్గా సరిపోయిందండీ" అన్నాడు మర్డో వినయంగా.

ఆవిడ ఆయన్ని ఎగాదిగా చూసింది. తర్వాత తన కర్ర తిరగేసి, కొత్త బొడిపె లాగి, ఆయన చేతిలో పెట్టింది. "రేపు ఓడిపోయావో, ఇది నాకు తిరిగిచ్చెయ్. గెలిస్తే ఉంచుకో. అన్నట్టు మేజోళ్ళు ఒక జత అయిపోయాయి. అవేం చేసుకుంటావో నీ ఇష్టం."

ఆదివారం కొండ దగ్గర చలి కొరికేస్తోంది. చల్లటి గాలంటే టర్బోకి ప్రాణం. కింది గీత పక్కనే, ఏటా ఉన్నట్టే, బ్రిగేడ్ ట్రక్కు కాపలాగా నిలబడి ఉంది. ఐసోబెల్ కర్రకి గుడ్డముక్క చుట్టుకుని, అందరికీ వేడివేడి చీజ్ రోల్స్ పంచుతోంది. అలిస్టర్ పొద్దున్నే పరుగు ముగించుకున్నాడు. మధ్యలో క్లచ్ జారి అతని బండి ఏడుపుగొట్టు టైముతో పైకి చేరింది. పందెం ముగించుకుని వచ్చి ట్రక్కు స్టీరింగు ముందు మొహం వేలాడేసుకుని కూర్చున్నాడు. ఆఖరి బండి డచెస్.

జెండా ఊపారు. మర్డో తొక్కాడు. ముల్లు సగం దాటింది. ముప్పాతిక దాటింది. పూర్తిగా పైకి పోయి అక్కడే నిలబడింది! రెండు వారాల దిగులు, రెండేళ్ళ అవమానం ఒక్కసారిగా వెనక్కి ఎగిరిపోయాయి. మర్డో కెర్స్‌లేక్ ఆ కొండ మీద ఎలుగెత్తి పాడాడు. ఏం పాడాడో ఆయనకే తెలీదు, సంతోషంగా ఉంది, అంతే. ఏ మలుపులోనూ కాలు తీయలేదు.

అయితే నిన్న కుక్కిన బేబీ ఆయిల్ పొగ చల్లారి, పైపుల అడుగున నూనెలా పేరుకుని ఉందన్న మాట ఆయన మర్చిపోయాడు. పూర్తి ఒత్తిడితో గాలి కొట్టగానే ఆ నూనంతా ఇంజన్లోకి పోయి కాలింది. కిందనుంచి చూసేవాళ్ళకి మూడో మలుపు దగ్గర ఒక తెల్లటి మేఘం పుట్టింది. నాలుగో మలుపుకి సగం కొండ కనపడలేదు. పాట పాడుతున్నవాడు వెనక్కి చూడలేదు.

"ఎక్కండి!" అని అరిచింది మేరేయానా. ఆ గొంతులో చీఫ్ లేదు, ఉత్త భార్య ఉంది. అలిస్టర్ సైరన్ వేసి, నీళ్ళ ట్యాంకు బరువుతో మూలుగుతున్న ట్రక్కుని కొండెక్కించాడు. అది మెల్లగా, చాలా మెల్లగా, ప్రతి మలుపులోనూ ఆయాసపడుతూ పైకి చేరింది. పైన మర్డో కారు టాపు మీద చేతులతో దరువేస్తూ, దాని పక్కనే చిందులు తొక్కుతున్నాడు.

మేరేయానా మంటలార్పే సిలిండర్ పట్టుకుని పరుగెత్తుకొచ్చి ఆగిపోయింది. "మంటేది?"

"మంటెక్కడిది? బేబీ ఆయిల్! మేరే, ముల్లు పైకెళ్ళింది! పూర్తిగా!"

ఆవిడ సిలిండర్ కింద పెట్టి, ఆయన్ని గట్టిగా వాటేసుకుని, ఆ తర్వాత వీపు మీద ఒక్కటి చరిచింది. రెండూ మనస్ఫూర్తిగానే.

సాయంత్రం డేరాలో ఫలితాలు చదివింది అలిస్టరే. క్లబ్ కార్యదర్శి అతనే మరి. మా ఊళ్ళో మనుషులు తక్కువ, పదవులు ఎక్కువ. మర్డో మూడో స్థానం! డేరా చప్పట్లతో మోగింది. పేర్లు ఒక్కొక్కటే దిగుతూ దిగుతూ అలిస్టర్ డూతీ దగ్గరికొచ్చాయి. మర్డో బెంచీ ఎక్కాడు. "ట్రైలర్ తలుపు తెరవండర్రా! డూతీ గారు వస్తున్నారు!"

"ఆగరా, ఇంకో బండి ఉంది" అన్నాడు అలిస్టర్ ఎంతో నెమ్మదిగా. "డచెస్ తర్వాత కింది గీత దాటి పైగీత చేరింది. గడియారం కట్టేయడం ఎవరికీ గుర్తు రాలేదు, దాని టైము కూడా పడింది. ఎర్రటి బండి. బరువైంది. టైము చదవమంటావా?"

బెంచీ మీద మర్డో నవ్వు సగంలో ఆగింది. "అది ఫైర్ ట్రక్కురా! మంట ఆర్పడానికొచ్చింది!"

"దాటిన ప్రతి బండీ లెక్కే, కారణాలు అడగబడవు. ఈ నియమం బల్ల గుద్ది పెట్టించింది ఎవరో పేరు చెప్పమంటావా?"

"నడిపింది నువ్వేగా! నువ్వే లాక్కో ట్రైలర్!"

"నేను ఉత్త డ్రైవర్నిరా. ట్రక్కుతో జరిగే ప్రతిదానికీ బాధ్యత ఎవరిదో చీఫ్‌నే అడుగు."

డేరాలో అందరూ మేరేయానా వైపు తిరిగారు. ఆవిడ చీజ్ రోల్ పక్కన పెట్టింది. మర్డో కళ్ళతోనే కాళ్ళు పట్టుకున్నాడు. కానీ ఆవిడ పదవిలో ఉన్నన్నాళ్ళూ ఈ ఒక్క మాటా ఎన్నడూ తప్పింది కాదు.

"నాదే" అంది.

వరసగా మూడో ఏడు, కెర్స్‌లేక్. తలుపు మీద అక్షరాలు అలిస్టరే స్వయంగా రాశాడు, ఎంతో శ్రద్ధగా, తెల్ల పెయింటుతో. ఐసోబెల్ అల్లిన మేజోళ్ళు డచెస్ అద్దానికి వేలాడుతున్నాయి. రబ్బరు బొడిపె ఇప్పటికీ గాలి కారనివ్వడం లేదు. డచెస్ ఎప్పుడూ లేనంత ఊపులో ఉంది.

అంత వేగంగా వచ్చే మరుగుదొడ్డి చుట్టుపక్కల ఏ జిల్లాలోనూ లేదు.